'కంటే' ఒక్కటే, ఇంగ్లీష్‌లో దానికి నాలుగు దారులు

"టీ కంటే కాఫీ ఇష్టం" అని తెలుగులో చెప్పడానికి ఎవరూ ఆలోచించరు, నాలుగు మాటలు, అయిపోయింది. అదే ఇంగ్లీష్‌లో చెప్పాల్సొస్తే మాత్రం బీటెక్ అయిపోయి పదేళ్లు ఉద్యోగం చేసినవాళ్లు కూడా 'ఐ ప్రిఫర్ కాఫీ దాన్ టీ' అనేస్తారు, ఎదుటివాళ్లకి విషయం అర్థమైపోతుంది కాబట్టి ఎవరూ సరిచేయరు, అలా ఆ తప్పు జీవితాంతం వెంట ఉండిపోతుంది. కరెక్ట్ ఏంటంటే 'ఐ ప్రిఫర్ కాఫీ టు టీ'. బ్యాంక్ పరీక్షలకీ ఎస్‌ఎస్‌సీ ఉద్యోగ పరీక్షలకీ ప్రిపేర్ అయినవాళ్లకి ఈ ముక్క తెలిసే ఉంటుంది, ఎర్రర్ స్పాటింగ్ బిట్లలో ఇది పాత చుట్టం లాంటిది, కోచింగ్‌లో 'ప్రిఫర్ పక్కన టు, గుర్తుపెట్టుకోండి' అని చెప్పి ముందుకెళ్లిపోతారు. ఆ టు ఎందుకొచ్చిందో మాత్రం చెప్పరు. ఆ ఎందుకు అనేది తెలిస్తే బట్టీ పట్టే పని సగానికి సగం తగ్గిపోతుంది, ఎందుకంటే ప్రిఫర్ ఒక్కటే కాదు, పోలికల్లో మనోళ్లు చేసే తప్పులు చాలావరకు ఒకే చోట పుడతాయి.

ఆ చోటు మన 'కంటే'. కొందరు 'కన్నా' అంటారు, పని ఒకటే. తెలుగులో పోలిక బరువంతా ఈ ఒక్క ముక్కే మోస్తుంది. 'రవి పొడుగు', 'రాము కంటే రవి పొడుగు', 'అందరికంటే రవి పొడుగు'. మూడు వాక్యాల్లోనూ 'పొడుగు' అనే మాట కదల్లేదు, మెదల్లేదు. ఇంగ్లీష్‌లో అదే మాట టాల్, టాలర్, టాలెస్ట్ అని మూడు వేషాలు కడుతుంది. పైగా మన 'కంటే' వస్తువులకీ, మనుషులకీ, పనులకీ, ఇష్టాలకీ అన్నిటికీ అదే అతుకుతుంది, ఇంగ్లీష్‌లో మాత్రం ఒకచోట దాన్, ఇంకోచోట టు, మరోచోట రాదర్ దాన్, ఈమధ్య ఓవర్ కూడా. అంటే మన దగ్గర ఒకటే తాళంచెవి, అక్కడ నాలుగు తలుపులు, మనం చేతిలో ఉన్న ఆ ఒక్క దాన్‌నే అన్ని తలుపులకీ పెట్టి తిప్పుతున్నాం.

ఇప్పుడు ప్రిఫర్ సంగతి. ఇది లాటిన్ నుంచి వచ్చిన మాట. ప్రే అంటే ముందు, ఫెర్రే అంటే మోయడం, తీసుకురావడం. రెండూ కలిస్తే ముందుకి తెచ్చి పెట్టడం. దేనికి ముందు? టీకి ముందు. ఆ 'కి' చూశారా, అదే ఇంగ్లీష్‌లో టు. టీకి ముందు కాఫీని పెట్టాను అనే బొమ్మ కళ్ల ముందు పెట్టుకుంటే అక్కడ దాన్ అనే మాట నోట్లోంచి రమ్మన్నా రాదు. లాటిన్ నుంచి వచ్చిన ఈ కుటుంబం మొత్తం ఇంతే: సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ప్రయర్, అన్నిటికీ టు. లాటిన్‌లో ఇవి అప్పటికే పోలిక మాటలు, సీనియర్ అంటేనే 'ఎక్కువ వయసున్న' అని అర్థం, టాలర్‌లో చివర ఉన్న ఆ 'అర్' పని వీటి లోపలే జరిగిపోయింది.

ఇక్కడ తమాషా ఏంటంటే ఈ తేడా మనకి తెలియనిదేం కాదు. కాలేజీ కుర్రాళ్లు మాట్లాడుకునేది వినండి. 'వాడు నాకంటే రెండేళ్లు పెద్ద' అంటారు, అదే నోటితో 'వాడు నాకు సీనియర్' అంటారు. 'నాకంటే సీనియర్' అనేవాళ్లు కూడా ఉన్నారు గానీ 'నాకు సీనియర్' అనడమే ఎక్కువ వినిపిస్తుంది. 'పెద్ద'కి 'కంటే', 'సీనియర్'కి 'కు'. ఎవరూ నేర్పకుండానే తెలుగు నోరు ఆ గీత గీసేసుకుంది, 'సీనియర్ టు మీ' అంటే సరిగ్గా 'నాకు సీనియర్' అన్నమాట. ఆ చెవినే ప్రిఫర్ దగ్గర కూడా వాడుకుంటే సరిపోతుంది.

కాకపోతే ఈ టు మరీ అలవాటైపోయి ఇంకో చోటికి పాకింది. 'హీ ఈజ్ ఎల్డర్ టు మీ' అని మన దేశంలో అన్ని రాష్ట్రాలవాళ్లూ అంటారు, సీనియర్ టు చూసి నేర్చుకున్న వరసన్నమాట. ఎల్డర్ లాటిన్ మాట కాదు, ఓల్డ్ నుంచి పుట్టిన అచ్చ ఇంగ్లీష్ మాట, దానికి టు రాదు. పోనీ 'ఎల్డర్ దాన్' అందామా అంటే అదీ ఇప్పుడు వాడుకలో లేదు. 'మై ఎల్డర్ బ్రదర్' అని నామవాచకం ముందు పెట్టుకోవచ్చు, పోల్చాలంటే మాత్రం 'హీ ఈజ్ ఓల్డర్ దాన్ మీ'. అంతే.

ప్రిఫర్‌లో ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ అర్థమే తలకిందులయ్యేది ఇక్కడే. తెలుగులో వద్దనుకున్నది ముందు వస్తుంది, కావాల్సింది తర్వాత వస్తుంది. 'టీ కంటే కాఫీ'. ఇంగ్లీష్‌లో కావాల్సింది ముందు. తెలుగు వాక్యాన్ని తలలో పెట్టుకుని ఆ వరసలోనే పలికితే 'ఐ ప్రిఫర్ టీ టు కాఫీ' అవుతుంది, గ్రామర్ ప్రకారం ఒక్క తప్పూ లేదు, కానీ వచ్చేది మాత్రం టీ! ఆఫీసులో 'ఆఫీస్ కంటే వర్క్ ఫ్రమ్ హోమ్ బెటర్' అనుకునే మనిషి మేనేజర్‌తో ఇదే వరసలో చెప్పాడంటే సోమవారం నుంచి బ్యాగ్ సర్దుకోవాల్సిందే.

పనుల్ని పోల్చేటప్పుడు ప్రిఫర్ రెండు రకాలుగా నడుస్తుంది. 'ఐ ప్రిఫర్ వాకింగ్ టు డ్రైవింగ్', రెండు పక్కలా ఇంగ్. లేదంటే 'ఐ ప్రిఫర్ టు వాక్ రాదర్ దాన్ డ్రైవ్'. రెండోదాంట్లో ప్రిఫర్ తర్వాత టు వాక్ వచ్చేసింది కాబట్టి మళ్లీ 'టు టు డ్రైవ్' అనలేం కదా, అందుకే అక్కడ రాదర్ దాన్ వచ్చి ఆదుకుంటుంది. 'ప్రిఫర్ కాఫీ ఓవర్ టీ' సంగతి అడిగితే, అమెరికాలో ఇది బాగా వాడుకలో ఉంది, డిక్షనరీలు కూడా ఒప్పుకుంటున్నాయి, డల్లాస్‌లో ఉన్న మనవాళ్ల పిల్లలు ఇలాగే మాట్లాడతారు. మాట్లాడేటప్పుడు భేషుగ్గా వాడొచ్చు, ఇక్కడి పోటీ పరీక్షలో మాత్రం టు పెట్టడమే క్షేమం. అలాగే 'ఐ మోర్ ప్రిఫర్', 'మోర్ ప్రిఫరబుల్' ఇవి వద్దు, ముందు పెట్టడం అనే అర్థంలోనే ఎక్కువ అనేది ఉంది, మళ్లీ మోర్ ఎందుకు. 'ఐయామ్ ప్రిఫరింగ్' కూడా మన 'ప్రిఫర్ చేస్తున్నా' నుంచి ఊడిపడిందే. ఇష్టం అనేది జరుగుతూ ఉండే పని కాదు, ఉండే స్థితి, కాబట్టి మామూలుగా 'ఐ ప్రిఫర్'. ఎవరింటికైనా వెళ్తే 'కాఫీనా టీనా' అని అడిగినప్పుడు 'ఐడ్ ప్రిఫర్ కాఫీ' అంటే ఇప్పుడు కాఫీ ఇవ్వండి అని మర్యాదగా చెప్పినట్టు, 'ఐ ప్రిఫర్ కాఫీ' అంటే నా అలవాటు ఇది అని చెప్పినట్టు.

తెలుగులో ఇష్టానికి ఇంకో గొప్ప మాట ఉంది, 'నయం'. 'బస్సు కోసం గంట చూసే కంటే నడిచిపోవడం నయం'. నడవడం ఇష్టమనా? కాదు, బస్సు కోసం చూసి చూసి విసుగొచ్చిందని. దీనికి ప్రిఫర్ సరిపోదు, మరీ దరఖాస్తు భాషలా ఉంటుంది. ఇంగ్లీష్‌లో ఈ నయానికి దగ్గరగా వచ్చేది 'వుడ్ రాదర్'. 'ఐడ్ రాదర్ వాక్ దాన్ వెయిట్ ఫర్ ద బస్'. రాదర్ తర్వాత టు ఉండదు, ఇంగ్ ఉండదు, వట్టి క్రియ, దాన్ తర్వాత కూడా వట్టి క్రియే. 'ఐడ్ రాదర్ టు గో' అనేది ప్రిఫర్ చేసిన అలవాటు, అక్కడ టు తీసేయాలి.

ఇదే రాదర్‌తో వేరేవాళ్ల పని గురించి చెప్తే ఒక వింత జరుగుతుంది. 'మీరు రేపు వస్తే నయం' అనడానికి 'ఐడ్ రాదర్ యు కేమ్ టుమారో' అంటారు. రేపటి సంగతికి కేమ్ ఏంటి అని మనోళ్లు ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడక్కర్లేదు, మనమూ అదే చేస్తాం. 'రేపు వర్షం పడిందంటే మ్యాచ్ పోయినట్టే' అంటాం కదా, రేపటి వర్షానికి 'పడింది' అని జరిగిపోయిన క్రియ వాడాం. ఊహలో ఉన్నదాన్ని భూతకాలంలో పెట్టి చెప్పడం రెండు భాషల్లోనూ ఉంది. పొమ్మనలేక మర్యాదగా చెప్పడానికి 'ఐడ్ రాదర్ యు డిడ్న్ట్ స్మోక్ హియర్' కంటే మెత్తటి వాక్యం దొరకడం కష్టం.

నయం పక్కనే ఉండే ఇంకో గుంట 'బెటర్'. తెలుగులో బెటర్ అనేది ఎప్పుడో తెలుగైపోయింది, 'వెళ్లకపోవడమే బెటర్', 'అడిగేస్తే బెటర్' అని రోజుకి ఇరవైసార్లు అంటాం. దాన్ని అలాగే ఇంగ్లీష్‌లోకి తీసుకెళ్లి 'బెటర్ యు గో' అంటారు. ఇంగ్లీష్‌లో 'యు హ్యాడ్ బెటర్ గో' లేదా 'యూడ్ బెటర్ గో', కానీ జాగ్రత్త, అది సలహాలా కనిపించే హెచ్చరిక, వెళ్లకపోతే ఏదో అవుతుంది అనే బెదిరింపు లోపల ఉంటుంది. బాస్‌కి 'యూడ్ బెటర్ అప్రూవ్ మై లీవ్' అని మెయిల్ పెడితే లీవ్ సంగతి తర్వాత, వేరే మీటింగ్ ఉంటుంది. మామూలు సలహాకి 'ఇట్ వుడ్ బి బెటర్ టు' అని మొదలుపెడితే చాలు.

బెటర్ తెలుగులో వట్టి 'మంచిది' అనే అర్థంలోకి దిగిపోవడం వల్లే 'మోర్ బెటర్' పుట్టింది. 'ఇది బెటర్, అది ఇంకా బెటర్' అంటాం. ఆ 'ఇంకా'కి మోర్ పెట్టేస్తే మోర్ బెటర్, అలాగే మోర్ బిగ్గర్, మోర్ ఈజియర్. ఇంగ్లీష్‌లో బెటర్ అంటేనే గుడ్ కంటే ఒక మెట్టు పైన, దానికి మళ్లీ మోర్ నిచ్చెన అక్కర్లేదు. మన 'ఇంకా'కి అక్కడ ఈవెన్ లేదా స్టిల్, 'ఈవెన్ బెటర్'. నిజానికి ఇదేమీ ఘోరమైన తప్పు కాదు, షేక్‌స్పియరే జూలియస్ సీజర్ నాటకంలో 'మోస్ట్ అన్‌కైండెస్ట్' అని రాశాడు, అప్పట్లో గట్టిగా నొక్కి చెప్పడానికి డబుల్ పెట్టడం మామూలే. తర్వాత 18వ శతాబ్దంలో గ్రామర్ పుస్తకాలు రాసినవాళ్లు ఇది కూడదు అని తేల్చారు, అప్పట్నుంచి రాతలో ఇది తప్పు కిందే లెక్క. షేక్‌స్పియర్ రాశాడు కదా అని ఇంటర్వ్యూలో వాదించడం అయ్యే పని కాదు.

'చాలా' కూడా ఇలాగే ముంచుతుంది. చాలా పెద్దది అంటే వెరీ బిగ్, మరి 'దానికంటే ఇది చాలా పెద్దది' అంటే? వెరీ బిగ్గర్ అనేస్తారు. వెరీ అనేది మామూలు విశేషణం పక్కనే నిలబడుతుంది, బిగ్గర్ పక్కన మచ్, ఫార్, ఎ లాట్, వీటిలో ఏదో ఒకటి ఉండాలి, 'మచ్ బిగ్గర్'. మనకి రెండు చోట్లా చాలానే చాలు కాబట్టి ఈ తేడా చెవికి ఆనదు.

'ఎక్కువ' సంగతి ఇంకా ఘోరం. 'ఇవాళ ఎండ ఎక్కువ' అంటే నిన్నటి కంటే ఎక్కువ అని కావచ్చు, మరీ ఎక్కువ, తట్టుకోలేకపోతున్నాం అని కావచ్చు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఈ మాట అన్నారంటే రెండోదే. ఇంగ్లీష్‌లో మొదటిది 'ఇట్స్ హాటర్ టుడే', రెండోది 'ఇట్స్ టూ హాట్'. మనోళ్లు రెండిటికీ 'టుడే హీట్ ఈజ్ మోర్' అంటారు. అలాగే 'రేటు ఎక్కువ', 'జీతం ఎక్కువ', 'జనాభా ఎక్కువ' మూడిటికీ మోర్ పెట్టడం. ఇంగ్లీష్‌లో రేటుకీ జీతానికీ హయ్యర్, జనాభాకి లార్జర్. 'ద ప్రైస్ ఈజ్ కాస్ట్లీ' కూడా వద్దు, కాస్ట్లీ అయ్యేది వస్తువు, ధర కాదు, ధర హై అవుతుంది.

మోర్ ఎక్కడ, అర్ ఎక్కడ అనేదానికి అందరికీ తెలిసిన రూలే, మాటలో ఎన్ని అచ్చులు పలుకుతాయో లెక్కపెట్టడమే. ఒక్కటైతే అర్, మూడు అంతకు మించితే మోర్, రెండుండి చివర 'ఈ' శబ్దం ఉంటే హ్యాపియర్ లాగా మారుతుంది, మిగతా రెండచ్చుల మాటల్లో క్లెవర్, సింపుల్ లాంటివి అటైనా ఇటైనా పోతాయి.

ఇక టెన్త్ క్లాస్‌లో అందరినీ ఏడిపించిన డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్. 'ఎవరెస్ట్ ఈజ్ ద హయ్యెస్ట్ మౌంటెన్' ఇచ్చి కంపారిటివ్‌లోకి మార్చమంటారు. తెలుగులో 'అన్ని పర్వతాల కంటే ఎవరెస్ట్ ఎత్తు' అంటాం, తప్పేం లేదు, వినేవాడు ఎవరెస్ట్‌ని పక్కన పెట్టి మిగతావాటినే లెక్కేసుకుంటాడు. ఇంగ్లీష్ గ్రామర్ ఆ పని వినేవాడికి వదలదు. 'హయ్యర్ దాన్ ఎనీ మౌంటెన్' అంటే ఆ ఎనీలో ఎవరెస్ట్ కూడా ఉంది, 8,849 మీటర్ల ఎవరెస్ట్ తనకంటే తనే ఎత్తు అన్నట్టవుతుంది. అందుకే 'ఎనీ అదర్ మౌంటెన్'. దీన్ని కూడా బట్టీ పట్టి కొందరు అన్ని చోట్లా అదర్ పెట్టేస్తారు, అదీ తప్పే. 'హైదరాబాద్ ఈజ్ బిగ్గర్ దాన్ ఎనీ సిటీ ఇన్ కేరళ', ఇక్కడ అదర్ పెడితే హైదరాబాద్ కేరళలో ఉన్నట్టు! ఆ గుంపులో మనం మాట్లాడే వస్తువు ఉందా లేదా, ఉంటే అదర్, లేకపోతే వద్దు. రెండే ఉన్నప్పుడైతే ఈ గొడవే లేదు, గోదావరి 1,465 కిలోమీటర్లు, కృష్ణ దాదాపు 1,400, 'ద గోదావరి ఈజ్ లాంగర్ దాన్ ద కృష్ణా' అంటే సరిపోయింది, ఎస్ట్ జోలికి వెళ్లక్కర్లేదు.

దీని తమ్ముడే 'వన్ ఆఫ్ ద బెస్ట్ మూవీ'. సినిమా రిలీజైన రోజు ఎక్కడ చూసినా ఇదే. విచిత్రం ఏంటంటే తెలుగులో ఈ తప్పు చేయమన్నా చేయలేం, 'మంచి సినిమాల్లో ఒకటి' అంటాం గానీ 'మంచి సినిమాలో ఒకటి' అనం. బహువచనం మన వాక్యంలో ఉండనే ఉంది. ఇంగ్లీష్‌లో వన్ ముందొచ్చేసరికి 'ఒకటి కదా' అని బుర్ర ఏకవచనంలోకి వెళ్లిపోతుంది, చివర్న ఉన్న మూవీకి ఎస్ ఎగిరిపోతుంది. మనసులో 'సినిమాల్లో' అని ఒకసారి అనుకుంటే మూవీస్ దానంతటదే వస్తుంది.

'హైదరాబాద్ రోడ్లు వరంగల్ కంటే వెడల్పు' అనేది తెలుగులో చక్కటి వాక్యం. 'ద రోడ్స్ ఆఫ్ హైదరాబాద్ ఆర్ వైడర్ దాన్ వరంగల్' అంటే మాత్రం రోడ్లని ఊరితో పోల్చినట్టు, రోడ్డుకి రోడ్డే సాటి రావాలి, 'వైడర్ దాన్ దోజ్ ఆఫ్ వరంగల్', ఒకటే అయితే 'దట్ ఆఫ్'. మాటల్లో దీన్ని ఇంగ్లీష్ వాళ్లే వదిలేస్తుంటారు, రాతలో మాత్రం చూసుకోవాలి.

'కంపేర్ టు లాస్ట్ ఇయర్' అనేది ఇంకోటి, ప్రెజెంటేషన్లలో ప్రతి మూడో స్లైడ్‌కి వినిపిస్తుంది. కావాల్సింది కంపేర్డ్ టు. ఈ తప్పు గ్రామర్‌ది కాదు, చెవిది. కంపేర్డ్ చివర డ్, వెంటనే టు, రెండూ నాలుక ఒకే చోట తగిలే శబ్దాలు, గబగబా మాట్లాడితే డ్ మింగుడుపడిపోతుంది, ఇంగ్లీష్ వాళ్లు అన్నా మనకి వినపడదు, వినపడనిది రాయం. యూజ్డ్ టు కాస్తా యూజ్ టు అయిపోవడం కూడా ఇంతే. దాన్ బదులు దెన్ రాయడం కూడా చెవి తప్పే, అయితే దానికో సాకుంది, ఒకప్పుడు ఆ రెండూ ఒకే మాట, స్పెల్లింగులు విడిపోయి కొన్ని వందల ఏళ్లే అయింది.

మనకి బాగా కలిసొచ్చే పోలిక కూడా ఒకటుంది. 'ఎంత చదివితే అంత మంచిది', ఇంగ్లీష్‌లో 'ద మోర్ యు రీడ్, ద బెటర్'. మన ఎంతకి ఒక ద, అంతకి ఇంకో ద, అచ్చు గుద్దినట్టు జంట. ఇక్కడి ద మామూలు ఆర్టికల్ కాదు, పాత ఇంగ్లీష్‌లో 'అంతమేరకు' అనే అర్థమిచ్చే ఒక మాట అరిగిపోయి ఇలా తేలింది. అందుకే 'హౌ మచ్ యు రీడ్, దట్ మచ్ గుడ్' అనకుండా ఎంత, అంత ఉన్నచోట ద పెట్టుకుంటూ పోతే చాలు, 'ద సూనర్, ద బెటర్' అంటే ఎంత త్వరగా అయితే అంత మంచిది.

చివరగా దాన్ ఐ, దాన్ మీ గొడవ. 'టాలర్ దాన్ ఐ' అనాలని పాత మాస్టార్లు పట్టుబడతారు, ఇవాళ మాటల్లో 'టాలర్ దాన్ మీ' అనేదే అందరూ అనేది, తప్పు అనక్కర్లేదు. అనుమానం ఉంటే 'దాన్ ఐ యామ్' అని పూర్తిగా చెప్పేస్తే ఇద్దరూ ఊరుకుంటారు. అసలు చిక్కు వేరే చోట ఉంది. భార్య 'హీ లైక్స్ క్రికెట్ మోర్ దాన్ మీ' అందంటే రెండు అర్థాలు: నాకు క్రికెట్ మీద ఉన్న ఇష్టం కంటే ఆయనకి ఎక్కువ ఇష్టం అని ఒకటి, ఆయనకి నా కంటే క్రికెటే ఎక్కువ అని ఇంకోటి. మొదటిదైతే 'మోర్ దాన్ ఐ డూ', రెండోదైతే 'మోర్ దాన్ హీ లైక్స్ మీ' అని విడమర్చి చెప్పే వీలు ఇంగ్లీష్‌లో ఉంది. తెలుగులో 'ఆయనకి నాకంటే క్రికెట్ ఎక్కువ ఇష్టం' అంటే ఇక్కడా రెండు అర్థాలే, ఏ అర్థంలో అందో ఆ రాత్రి వంట చూసి తెలుసుకోవాల్సిందే.